స్కైరిమ్ యానివర్సరీ ఎడిషన్: చేర్చిన వస్తువులు ఆ లోకంలో ఇమిడాయా?

‘ద ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ అనే వీడియో గేమ్ 2011 నవంబరు 11న విడుదలైంది. సరిగ్గా పదేళ్లకు, 2021లో అదే తేదీన, ఆట తయారీదారైన బెథెస్డా సంస్థ దాని యానివర్సరీ ఎడిషన్‌ను తెచ్చింది. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌కు, 2017 నుంచి క్రియేషన్ క్లబ్ పేరుతో విడివిడిగా అమ్ముతూ వచ్చిన చేర్పులను, వాటితోపాటు మరికొన్ని కొత్తవాటిని కలిపి ఒకే కట్టగా ఇవ్వడమే ఈ ఎడిషన్ ప్రత్యేకత. ఆయుధాలు, కవచాలు, ఇళ్లు, జంతువులు, మంత్రాలు, క్వెస్ట్‌లు (ఆటగాడికి అప్పగించే సాహసాలు) అన్నీ కలిపి 500కు పైగా కొత్త అంశాలు ఇందులో ఉన్నాయని సంస్థ ప్రకటించింది. అప్పటికే స్పెషల్ ఎడిషన్ ఉన్నవారికి విడుదల సమయంలో దీని ధర 19.99 డాలర్లు. ఇంత సరుకుకు ఆ ధర ఎక్కువా, తక్కువా అన్న చర్చ చాలాచోట్ల జరిగింది కాబట్టి దాని జోలికి వెళ్లను. నేను చూడదలచింది ఒక్కటే: పదేళ్లుగా లక్షలాది మంది తిరిగి తిరిగి పరిచయం పెంచుకున్న ఒక కల్పిత దేశంలోకి తెచ్చిపెట్టిన ఈ కొత్త వస్తువులు అక్కడివిగా కనిపిస్తున్నాయా, లేక ఎవరో బయటనుంచి తెచ్చి పడేసినట్టుగా ఉన్నాయా?

ఈ ప్రశ్నకు ముందు స్కైరిమ్ మూల ఆట తన వస్తువులను ఎలా నమ్మించిందో గుర్తుచేసుకోవాలి. ఆ దేశంలో ప్రతి లోహానికీ ఒక పుట్టుక ఉంది. ఎల్ఫ్ జాతి (ఎల్వెన్) కవచానికి మూన్‌స్టోన్ కావాలి, గ్లాస్ ఆయుధానికి మలకైట్ కావాలి, ఆర్క్ జాతి ఆయుధాలకు ఒరికాల్కమ్ కావాలి. ఇవన్నీ గనుల్లో తవ్వుకునే ముడిఖనిజాలే. డ్వార్వెన్ లోహం సంగతి మాత్రం వేరు. దాన్ని ఏ గనిలోనూ తవ్వలేం. ఎప్పుడో మాయమైపోయిన డ్వెమర్ (డ్వార్ఫ్) జాతి వదిలివెళ్లిన శిథిలాల్లోకి దిగి, వంగిపోయిన పలకలనూ విరిగిన మరభాగాలనూ మోసుకొచ్చి, కొలిమిలో కరిగిస్తేనే ఆ లోహపు కడ్డీ చేతికి వస్తుంది. ఆ జాతి ఇక లేదన్న విషయాన్ని ఆట ఏ ఉపన్యాసంతోనూ చెప్పనక్కరలేదు. కత్తి చేయించుకోవాలనుకున్న ఆటగాడికి ఆ కొలిమి దగ్గరే అర్థమవుతుంది. 2012 డిసెంబరులో వచ్చిన డ్రాగన్‌బోర్న్ విస్తరణలోనూ, అంటే మూల ఆటకు తర్వాత కలిపిన అదనపు కథలోనూ, ఇదే పద్ధతి పాటించారు. సోల్‌స్తైమ్ ద్వీపంలో దొరికే స్టాల్‌రిమ్ అనే మాయామంచును మామూలు గునపంతో తవ్వలేం, దానికి స్కైరిమ్ స్థానికులైన ప్రాచీన నార్డ్‌ల గునపమే కావాలి. వస్తువు ఎంత కొత్తదైనా, అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దానికోసం ఏం ఖర్చయింది అన్న మూడు విషయాలూ ఆ లోకం లోపలే తేలితే దాన్ని నమ్మడానికి ఇబ్బంది ఉండదు.

విస్తరణల్లో దీనికి నేను ఇచ్చే మేలైన ఉదాహరణ 2012 నాటి డాన్‌గార్డ్‌లోని క్రాస్‌బో, అంటే మీట నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు. మూల ఆటలో ఎక్కడా లేని ఆయుధాన్ని మధ్యలో తేవాలంటే, ఇన్నాళ్లూ ఇది ఏమైందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తయారీదారులు దానికి చక్కని దారి కనిపెట్టారు. క్రాస్‌బోను దేశమంతటా చల్లలేదు. రక్తపిశాచాలను వేటాడే డాన్‌గార్డ్ దళానికి ఆయుధంగా ఇచ్చారు. ఆ దళం అంతకుముందు చెదిరిపోయి, ఓ మూలనున్న పాత కోటలో మళ్లీ అప్పుడే కూడుకుంటోంది. కాబట్టి అంతవరకు మనకు కనబడకపోవడానికీ, ఇప్పుడు కనబడటానికీ ఒకే కారణం సరిపోయింది. మెరుగుపరచిన క్రాస్‌బో కావాలంటే సొరీన్ జురార్డ్ అనే పండితురాలి కోసం డ్వెమర్ నమూనా చిత్రాలు వెదికి తేవాలి. వాటి ఆధారంగా తయారైన ఆయుధం శత్రువు కవచ బలంలో సగాన్ని లెక్కచేయదు, అందుకు బదులుగా బాణాన్ని ఎక్కించడానికి విల్లుకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. దాని శక్తి, దాని లోపం, దాని చరిత్ర, దాన్ని తయారుచేసిన మనిషి, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. యానివర్సరీ ఎడిషన్‌లోని చేర్పులను నేను ఈ కొలతతోనే చూశాను.

ఈ కొలతకు నిండుగా నిలబడేది చేపలవేట. వినడానికి చిన్న విషయంగా తోస్తుంది గానీ, మొత్తం ఎడిషన్‌లో అత్యంత బాధ్యతగా చేసిన పని ఇదేనని నా అభిప్రాయం. మూల ఆటలో చేపలకు కొదవ లేదు; సాల్మన్‌లు జలపాతాల దగ్గర ఎగిరిపడుతుంటాయి, ఇళ్ల చూరులకు చేపలు వేలాడుతుంటాయి, రేవుల్లో పీపాలనిండా చేపలుంటాయి. హాన్‌రిక్ సరస్సు ఒడ్డునున్న రిఫ్టెన్ పట్టణంలో బోలీ అనే వ్యాపారి నడిపే చేపల శాల కూడా ఉంది, అందులో పనివాళ్లున్నారు. ఇంత ఉండి, ఆ దేశంలో ఎవరి దగ్గరా ఒక్క గాలం కనబడదు. ఆటగాడు చేప పట్టాలంటే నీళ్లలో దూకి చేత్తో పట్టుకోవలసిందే. అంటే ఆ లోకంలో గాలం ఉండవలసిన చోట పదేళ్లుగా ఖాళీ ఉంది. చేర్పు ఆ ఖాళీని సరిగ్గా గుర్తించి, కథను కూడా అదే రిఫ్టెన్ చేపల శాల దగ్గర మొదలుపెట్టింది. అక్కడ స్విమ్స్-ఇన్-డీప్-వాటర్ అనే ఆర్గోనియన్ మనకు పనులు అప్పగిస్తాడు. నీటిలోనూ ఊపిరి పీల్చగల జాతివాడు చేపల పనిలో ఉండటం కంటే సహజమైనది ఏముంటుంది?

గాలాల రూపకల్పనను కాస్త దగ్గరగా చూడాలి. మామూలు గాలంతోపాటు ఆర్గోనియన్ గాలం, ఆలిక్‌ర్ గాలం, డ్వార్వెన్ గాలం ఉన్నాయి. చిత్తడి నేలల జాతికి ఒకటి, ఎడారి జాతికి ఒకటి, అంతరించిన యంత్రనిపుణుల జాతికి ఒకటి అన్నమాట. పైకి చూస్తే ఇవి ఒకే పనిముట్టుకు వేసిన వేర్వేరు రంగులు కావచ్చు. కానీ ఒక పనిముట్టు నిజంగా ఒక లోకానిది అయితే, ఆ లోకంలోని ప్రతి జాతీ దాన్ని తన పద్ధతిలో చేసుకుని ఉంటుంది కదా. రూపకర్తలు ఆ ఆలోచన చేశారనడానికి ఈ నాలుగు గాలాలే సాక్ష్యం. పట్టిన చేపలు వంటకూ పనికొస్తాయి, రసవిద్యకూ పనికొస్తాయి. కాబట్టి కొత్త వస్తువు పాత వ్యవస్థల్లోకి దిగి కలిసిపోయింది. సరస్సుల్లో దొరికేవి వేరు, ఉత్తరపు మంచు నీళ్లలో దొరికేవి వేరు. ఒక్క లోటు మాత్రం నాకు కష్టంగా అనిపించింది. ముందే నిర్ణయించిన చోట్ల తప్ప మరెక్కడా గాలం వేయలేం. రివర్‌వుడ్ గ్రామం పక్కన నది పొడవునా పారుతున్నా, గుర్తు పెట్టిన ఒడ్డునే నిలబడాలి. చేతిలో గాలం, ఎదురుగా నీళ్లు, నీళ్లలో చేపలు ఉండి కూడా వేటకు వీల్లేదంటే, అంతవరకు కట్టిన నమ్మకం ఆ క్షణంలో సడలుతుంది.

సర్వైవల్ మోడ్ అసలు వస్తువే కాదు, నియమాల మార్పు. అయినా దాన్ని ఈ సమీక్షలో చేర్చడానికి బలమైన కారణం ఉంది. అది కొత్త వస్తువుల కంటే పాత వస్తువులను ఎక్కువ నమ్మదగినవిగా చేసింది. మూల ఆటలో మంచు ముక్కలు తేలే ఘోస్ట్ సముద్రంలో అరగంటసేపు ఈదినా ఏమీ కాదు. నూలు బట్టలకూ ఉన్ని బట్టలకూ తేడా లేదు. ఉల్లిపాయలూ రొట్టెలూ వేడివేడి పులుసులూ ఇంటింటా ఉన్నా వాటి అవసరం ఎవరికీ రాదు. సర్వైవల్ మోడ్‌లో చలి, ఆకలి, అలసట మూడూ ఆటగాడిని వెంటాడతాయి, ఒక చోటినుంచి మరో చోటికి క్షణంలో వెళ్లే సౌకర్యం పోతుంది, మోయగల బరువు తగ్గుతుంది. అప్పుడు తోలు బట్టలకు విలువ వస్తుంది, సత్రంలోని పొయ్యికి విలువ వస్తుంది, పులుసు గిన్నెకు విలువ వస్తుంది. మూల ఆటను చేసిన కళాకారులు ప్రతి ఇంటా పొయ్యి పెట్టి, దానిపై కుండ వేలాడదీసి, పక్కన కట్టెలు పేర్చారు. ఆ శ్రమ వృథా కాలేదని ఈ మోడ్ ఆడుతున్నప్పుడు అనిపిస్తుంది.

వీపు సంచి, అంటే అడ్వెంచరర్స్ బ్యాక్‌ప్యాక్ అనే చేర్పు, ఈ మోడ్‌తో జతగా చూస్తే అర్థవంతమైనదే. తోళ్లు పదునుపెట్టే చట్రం దగ్గర మన చేతితో మనమే తయారుచేసుకోవచ్చు, దాని తయారీకి కావలసినవన్నీ ఆ దేశంలో దొరికేవే, బరువు మోయడానికి అది నిజంగా సాయపడుతుంది. ఆ తోలు, ఆ కుట్లు, ఆ పట్టీలు స్కైరిమ్‌లోని ఇతర తోలు సామానుతో చక్కగా కలిసిపోయాయి. ఇంత చేసి ఒక ముఖ్యమైన మెట్టు వదిలేశారు. దారిలో ఎదురయ్యే యాత్రికులకు, వేటగాళ్లకు, ఊరూరా తిరిగే గాయకులకు అలాంటి సంచి లేదు. వీపు సంచి అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న మనుషుల వీపులు ఖాళీగా ఉండగా, ఆటగాడొక్కడే దాన్ని తగిలించుకుని తిరుగుతుంటే, అది ఆ దేశపు వస్తువుగా కాక ఆటగాడికి ఇచ్చిన కానుకగా మిగిలిపోతుంది. ఇద్దరు ముగ్గురు యాత్రికులకు ఆ సంచి తొడిగి ఉంటే ఈ లోటు పూర్తిగా తీరేది. చేర్చిన వస్తువు ఆటగాడి చేతిలోనే కాక, ఇతరుల చేతుల్లో కూడా కనబడాలన్న సూత్రాన్ని ఈ ఎడిషన్ చాలాచోట్ల పట్టించుకోలేదు.

రేర్ క్యూరియోస్ అనే చేర్పును మెచ్చుకోవాలి. మారోవిండ్, షివరింగ్ ఐల్స్ వంటి పరాయి ప్రాంతాల మూలికలు, ద్రవ్యాలు, విచిత్రమైన బాణాలు ఇందులో వస్తాయి. స్కైరిమ్ చలినేలలో మొలవని మూలికను ఎవరు తెస్తారు? పిల్లి రూపపు ఖజీత్ జాతి వర్తక బిడారులు తెస్తారు. రిసాద్, మద్రాన్, అకారి నాయకత్వంలో ఆ బిడారులు మూల ఆటలోనే ఉన్నాయి. నగరాల లోపలికి వారిని రానివ్వరు కాబట్టి గోడల బయట గుడారాలు వేసుకుని అమ్ముకుంటారు. దూరదేశపు సరుకు దూరదేశపు వర్తకుల దగ్గరే దొరకడం వల్ల, ఎవరూ వివరణ ఇవ్వకుండానే వివరణ దొరికింది. పైగా, ఇంతకాలం పెద్దగా ఎవరూ ఆగి చూడని ఆ గుడారాల దగ్గరికి ఆటగాళ్లు పనిగట్టుకుని వెళ్లేలా అయింది.

సటురాలియా హాలిడే ప్యాక్ అనే పండుగ సరుకు విషయంలో చాలామంది విమర్శకుల కంటే నా అభిప్రాయం మెత్తగా ఉంటుంది. ఎర్రని పండుగ దుస్తులు, స్వారీకి రెయిన్‌డీర్ చూడగానే ఇది క్రిస్మస్ సరుకని ఎవరికైనా తెలిసిపోతుంది. అయితే సటురాలియా అనే పండుగ ఈ చేర్పు కోసం పుట్టించింది కాదు. 1996లో ఇదే వరుసలో వచ్చిన డాగర్‌ఫాల్ ఆట పంచాంగంలోనే, ఈవినింగ్ స్టార్ నెల 25వ తేదీన, కానుకలు ఇచ్చిపుచ్చుకునే పండుగగా అది ఉంది. ఉన్న పండుగకు బట్టలు కుట్టారు, అంతే. దీనితో 2012 ఫిబ్రవరిలో వాల్వ్ అనే మరో ఆటల సంస్థ సరదాకు ఇచ్చిన స్పేస్ కోర్ చేర్పును పోల్చి చూడండి. మరో ఆటలోని మాట్లాడే యంత్రగోళం మంటలతో ఆకాశం నుంచి స్కైరిమ్ మీద పడుతుంది. ఆ సరదాను కాదనను; ఒక రోజు నవ్వుకోవడానికి అది చాలు. కానీ దాన్ని వెంటబెట్టుకుని దేవుళ్ల ఆలయాల్లో, అమరుల సమాధుల్లో తిరుగుతూ ఆ కథను మనసుపెట్టి ఆడటం సాధ్యం కాదు.

ఇప్పుడు ఈ ఎడిషన్‌లోని పెద్ద చిక్కు దగ్గరికి వద్దాం. అది మహిమగల ఆయుధాల సమస్య. అంబ్రా, క్రిసమీర్, గోల్డ్‌బ్రాండ్, ట్రూఫ్లేమ్, హోప్స్‌ఫైర్, సండర్, రెయిత్‌గార్డ్, నాక్టర్నల్ బూడిదరంగు ముసుగు, దైవయోధుడి కవచం: పాత ఆటలు ఆడినవారికి ఈ పేర్లు వింటేనే గుండె కొట్టుకుంటుంది. ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే రచయితలు శ్రద్ధ పెట్టారనే చెప్పాలి. ఉదాహరణకు ట్రూఫ్లేమ్, హోప్స్‌ఫైర్ ఖడ్గాలు 2002లో మారోవిండ్ అనే పాత ఆటకు వచ్చిన ట్రైబ్యునల్ విస్తరణలోనివి. వాటిని స్కైరిమ్ నడిబొడ్డున పెట్టకుండా, గోస్ట్స్ ఆఫ్ ద ట్రైబ్యునల్ అనే చేర్పులో సోల్‌స్తైమ్ ద్వీపంలోని రావెన్ రాక్ పరిసరాల్లో పెట్టారు. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం బద్దలైన తర్వాత డన్మర్ జాతి ప్రజలు తలదాచుకున్న నేల అది. ట్రైబ్యునల్ అని పిలిచే పాత ముగ్గురు దేవుళ్లను కొత్త ఆలయం కాదన్నాక కూడా, రహస్యంగా వారినే కొలిచే భక్తులు అక్కడ మిగిలి ఉండటం, ఆ దేవుళ్ల కాలపు ఖడ్గాలు వారి చేతుల్లో ఉండటం ఎంతో సహజం. ఇందులో వస్తువుకంటే ముందు దాన్ని కోరుకునే మనుషులను సృష్టించారు. మంచి చేర్పు అంటే ఇదే.

అయితే ఇలాంటివి ఒకటి కాదు, రెండు కాదు. క్రీ.శ. లెక్క కాదు, ఆ లోకపు లెక్కలోనే నాలుగో యుగం 201వ సంవత్సరంలో, ఒకే మనిషి జీవితంలో, కొన్ని వారాల వ్యవధిలో, శతాబ్దాలుగా కనుమరుగైన మహాయుధాలన్నీ స్కైరిమ్‌లోనే తేలుతాయి. ఆట మొదట్లో హెల్గెన్ కోట నుంచి ప్రాణాలతో బయటపడిన ఖైదీకి, అంటే ఆటగాడి పాత్రకు, ఒంటిమీద సరైన బట్టలైనా లేని దశలోనే, ఒకదాని వెనుక ఒకటిగా కొత్త క్వెస్ట్‌లు పట్టికలో చేరిపోతాయి. ఎక్కువ భాగం ఒకే తీరులో నడుస్తాయి: ఒక చీటీ, ఒక శవం, శవం పక్కన ఒక డైరీ, డైరీలో ఒక చోటు పేరు, ఆ చోట ఆయుధం. మాట్లాడే మనుషులు తక్కువ, చదవవలసిన కాగితాలు ఎక్కువ. ఒక ఆయుధం ఇలా దొరికితే అదృష్టం అనుకుంటాం. పది ఆయుధాలు ఇలాగే దొరికితే, వాటిని దాచిపెట్టింది ఆ లోకపు చరిత్ర కాదు, ఆట తయారీదారులే అని తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ నమ్మదగినదే, అన్నీ కలిస్తే మాత్రం నమ్మడం కష్టం.

మన జానపద కథల్లోని మంత్రదండాన్నీ కిర్రుచెప్పులనూ తలచుకోండి. వాటిని ఇచ్చే ఒక ముని ఉంటాడు, వాడే పద్ధతికి ఒక నియమం ఉంటుంది, నియమం తప్పితే నష్టం ఉంటుంది. కథకు ఒకటే మాయావస్తువు కాబట్టి వినేవాడికి దాని మీద గురి కుదురుతుంది. పాత ఎల్డర్ స్క్రోల్స్ ఆటలకు కూడా ఈ నియమం విలువ తెలుసు. 2006లో ఒబ్లివియన్ ఆటకు వచ్చిన నైట్స్ ఆఫ్ ద నైన్ విస్తరణలో, దైవయోధుడి కవచం ధరించిన ఆటగాడు దుష్టకార్యాలు చేసి అపకీర్తి తెచ్చుకుంటే కవచం అతని ఒంటిమీద నిలవదు. మళ్లీ తొమ్మిది దేవుళ్ల స్థలాలకూ యాత్ర చేసి శుద్ధి పొందాలి. మారోవిండ్ ఆటలో రెయిత్‌గార్డ్ అనే చేతితొడుగు లేకుండా సండర్ అనే సుత్తిని పట్టుకుంటే ప్రాణాలకే ముప్పు. ఆయుధం మనిషిని ఎంచుకుంటుంది, పరీక్షిస్తుంది, శిక్షిస్తుంది. యానివర్సరీ ఎడిషన్‌లో వాటి పేర్లూ ఆకారాలూ తిరిగొచ్చాయి గానీ, ఆ బరువు చాలావాటిలో తిరిగి రాలేదు. దొరికాక అల్మరాలో పెట్టుకుని చూసుకునే వస్తువులుగా మారిపోయాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన విషయం.

చరిత్రతో నేరుగా తగవు తెచ్చుకున్న చేర్పు ద కాజ్. ఒబ్లివియన్ ఆట ముగింపులో చివరి రాజవారసుడు మార్టిన్ సెప్టిమ్ ప్రాణత్యాగంతో నరకలోకపు ద్వారాలు శాశ్వతంగా మూసుకుపోయాయి. రెండు వందల ఏళ్ల తర్వాత, అప్పట్లో ఆ ద్వారాలను తెరిచిన మిథిక్ డాన్ మతస్థుల వారసులు మళ్లీ ఒక ద్వారం తెరుస్తారని ఈ చేర్పు చెబుతుంది. మిథిక్ డాన్ జ్ఞాపకాలు స్కైరిమ్‌లో మిగిలి ఉండటంలో వింత లేదు. డాన్‌స్టార్‌లో సైలస్ వెసూయస్ అనే వ్యక్తి వారి వస్తువులతో ఒక ప్రదర్శనశాలే నడుపుతున్నాడు. కానీ మూసుకుపోయిందని ఒక ఆట మొత్తం చెప్పిన తలుపును తెరవడానికి ఇంకా గట్టి కారణం, ఇంకా పెద్ద కలకలం కావాలి. ద్వారం తెరుచుకున్నాక కూడా దగ్గరి ఊళ్లలో కాపలావాళ్లు రోజూ చెప్పే మాటలే చెబుతుంటే, ఆ ఎర్రని ఆకాశం వెనుక నిజమైన ప్రమాదం ఉందని ఎలా నమ్మగలం?

క్రాస్‌బోల సంగతి మళ్లీ ఎత్తక తప్పదు. డాన్‌గార్డ్ అంత జాగ్రత్తగా ఒక దళానికి పరిమితం చేసిన ఆయుధాన్ని, ఎక్స్‌పాండెడ్ క్రాస్‌బో ప్యాక్ అనే చేర్పు ఇతర లోహాలతో కూడా చేసి విస్తరించింది. రకరకాలు ఉంటే ఆటగాడికి ఆనందమే, రూపాలు కూడా బాగున్నాయి. అయినా, ఆ దళంలో చేరినవాడికే దక్కే గౌరవంగా ఉన్నది ఇలా పలచబడటం నష్టమేనని అంటాను.

ఇళ్ల విషయం క్లుప్తంగా. వైట్‌రన్ మైదానంలోని టండ్రా హోమ్‌స్టెడ్ ఆ ప్రాంతపు కర్ర ఇళ్లతో కలిసిపోయింది. డ్వెమర్ శిథిలంలోని న్చువాంతుమ్జ్ నివాసం తన లోహపు గోడలతో, ఆవిరి గొట్టాలతో ఆ జాతిదిగానే ఉంది. 2012లో హార్త్‌ఫైర్ విస్తరణ మనచేత బంకమట్టి తవ్వించి, రాళ్లు కొట్టించి, కోత మిల్లు నుంచి దుంగలు కొనిపించి, మేకులు కూడా కొలిమిలో చేయించి కట్టించిన ఇంటిపై కలిగే మమకారం మాత్రం సిద్ధంగా దొరికే ఈ ఇళ్ల మీద కలగదు.

కొనదలచినవారికి నా సలహా ఒకటి ఉంది. చేర్పులన్నింటినీ ఒకేసారి దించుకునే మీట కనిపిస్తే, దాన్ని నొక్కకండి. చేర్పులను విడివిడిగా కూడా ఎంచుకోవచ్చు. మొదటిసారి స్కైరిమ్ ఆడేవారు సర్వైవల్ మోడ్, చేపలవేట, రేర్ క్యూరియోస్, వీపు సంచి వరకు పెట్టుకుంటే చాలు. ఈ నాలుగింటిలో సంచి తప్ప మిగతా మూడూ స్పెషల్ ఎడిషన్ ఉన్నవారికి ఉచితంగానే వస్తాయి. పాత ఆటలు ఆడినవారు గోస్ట్స్ ఆఫ్ ద ట్రైబ్యునల్ తప్పక చేర్చుకోవాలి. మిగిలిన మహాయుధాల్లో ఒక్కో పాత్రతో ఆడేటప్పుడు ఒక్కదాన్నే ఎంచుకుని, ఆ పాత్ర కథకు తగినదై ఉండేలా చూసుకుంటే, తయారీదారులు ఇవ్వలేకపోయిన గౌరవాన్ని ఆ ఆయుధానికి మీరే ఇచ్చినవారవుతారు.